పాలపళ్లు వచ్చే బిడ్డకు చల్లదనం: ఎంత? ఎలా?

బిడ్డలను ఎత్తుకొని వైద్యశాలకు వచ్చే తల్లులు ఇటీవల తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. "పళ్లు వస్తున్నాయండీ. చిగుళ్లు ఉబ్బి రాత్రంతా ఏడుస్తున్నాడు. ఫ్రిజ్‌లో పెట్టిన పండు గుజ్జుగానీ, గడ్డకట్టిన పాలుగానీ నోటికి అందించవచ్చునా?" ఆ మాట పూర్తి కాకముందే వెంట వచ్చిన నాయనమ్మగారు అందుకుంటారు. "పసివాడికి మంచుగడ్డ పెడతారటండీ! రొమ్ముపడిశం పట్టదూ?"

ఇద్దరి మాటలోనూ కొంత సత్యమున్నది. చల్లదనం చిగురు నొప్పిని తగ్గించే మాట నిజం. అతిశీతలం పసిబిడ్డకు హాని చేసే మాట కూడా నిజం. ఈ రెంటి మధ్య హద్దు ఎక్కడున్నదో తెలుసుకుంటే ఇంట్లో వాదం ఉండదు, బిడ్డకు సుఖం కలుగుతుంది. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి కూడా ఈ పాఠంలో ఉన్నది. "పళ్ల జ్వరం", "పళ్ల విరేచనాలు" అనే మాటల చాటున అసలు వ్యాధిని పోల్చుకోలేకపోవడం వల్ల కలిగే ప్రమాదమది. తల్లులు ఆ భాగాన్ని ప్రత్యేకంగా చదువవలెనని కోరుతున్నాను.

శాస్త్రదృష్టిలో దంతోద్భేదం

బిడ్డకు పళ్లు మొలవడాన్ని మన శాస్త్రం దంతోద్భేదమంటుంది. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో బాలవైద్యమైన కౌమారభృత్యానికి ప్రధాన గ్రంథం కాశ్యప సంహిత. నేపాలుకు చెందిన పండిత హేమరాజ శర్మ గారి వద్దనున్న తాళపత్ర ప్రతి ఆధారంగా ఇది 1938లో ముద్రితమైంది. అందులో సూత్రస్థానంలోని దంతజన్మికాధ్యాయం కేవలం పళ్ల పుట్టుకను గురించే చెబుతుంది. ఏ నెలలో వచ్చిన పళ్లు ఎట్టివి, రెండుసార్లు పుట్టే పళ్లేవి, ఒకేసారి పుట్టేవి ఏవి, పలువరుస ఎన్ని విధాలుగా ఉంటుంది అన్న విషయాలను విచారించి, ఎనిమిదవ నెలలో వచ్చిన పళ్లు శ్రేష్ఠమని నిర్ణయిస్తుంది. అంతకంటె ముందు వచ్చినవి బలహీనమైనవని కాశ్యపుని అభిప్రాయం. నేటి పరిశీలనను బట్టి నాలుగవ నెల మొదలుకొని పన్నెండవ నెల వరకు ఎప్పుడు తొలి పన్ను కనిపించినా అది సహజమే. ముందు వచ్చినంత మాత్రాన పన్ను బలహీనమని తల్లి దిగులుపడనక్కరలేదు.

గురుకులంలో మా చేత కంఠస్థం చేయించిన గ్రంథం వాగ్భటుని అష్టాంగహృదయం. ఉత్తరస్థానం రెండవ అధ్యాయంలో దంతోద్భేదం సకల రోగాలకూ కారణం కాగలదని చెప్పి, జ్వరం, విరేచనాలు, దగ్గు, వాంతి, తలనొప్పి మొదలైనవాటిని వాగ్భటుడు పేర్కొన్నాడు. లోకంలో ప్రచారమైనది ఈ ఒక్క మాటే. కాని అదే అధ్యాయంలో, పళ్ల కారణంగా కలిగిన బాధలలో బిడ్డను కఠిన నియమాలతో కట్టడి చేయరాదని, పళ్లు బయటికి వచ్చాక ఆ బాధలు తమంతట తామే శమిస్తాయని కూడా ఆయన చెప్పాడు. మా గురువుగారు ఈ రెండవ మాట దగ్గర ఆగి, "బిడ్డను ఓదార్చడమే ఇక్కడ మొదటి చికిత్స" అని వ్యాఖ్యానించేవారు. నేటి మన విషయమైన చల్లని పదార్థాలు ఈ ఓదార్పు చికిత్సలోనివే తప్ప రోగహరమైన మందులు కావు.

పళ్లు వచ్చే క్రమం

పాలపళ్లు మొత్తం 20. సామాన్యంగా 6 నుండి 10 నెలల మధ్య క్రింది ముందరి పళ్లు రెండు వస్తాయి. 8 నుండి 12 నెలల మధ్య పై ముందరి పళ్లు రెండు, తరువాత వాటి ప్రక్క పళ్లు వస్తాయి. మొదటి దవడపళ్లు 13 నుండి 19 నెలల మధ్య, కోరపళ్లు 16 నుండి 22 నెలల మధ్య, చివరి దవడపళ్లు రెండేళ్లు దాటిన తరువాత వచ్చి, మూడేళ్లకు పాలపళ్ల వరుస పూర్తవుతుంది. దవడపళ్లు వెడల్పైనవి కనుక అవి వచ్చేటప్పుడు కొందరు బిడ్డలకు బాధ హెచ్చు.

పై పళ్లు ముందు వస్తే మేనమామకు కీడని మన పల్లెల్లో ఒక నమ్మకమున్నది. వరుస కొంత మారడం చాలామంది బిడ్డలలో కనిపిస్తుంది. దానికీ మేనమామ ఆయుష్షుకూ ఏ సంబంధమూ లేదు. పుట్టుకతోనే పన్ను ఉన్న బిడ్డను కూడా అశుభంగా చూడరాదు. ఆ పన్ను వదులుగా ఉంటే ఊడి శ్వాసమార్గంలో పడకుండా దంతవైద్యునికి చూపితే చాలును. ఏడాదిన్నర నిండినా ఒక్క పన్నూ రాకపోతే పిల్లల వైద్యునికి తప్పక చూపవలెను.

ఏవి పళ్ల లక్షణాలు? ఏవి కావు?

చొంగ ఎక్కువగా కారడం, చేతికందినదల్లా కొరకడం, చిగురు ఎర్రబడి ఉబ్బడం, చికాకు, నిద్రలో మేల్కొని ఏడవడం, ఆహారంపై కొంచెం అయిష్టత, చెంపలను చెవులను రుద్దుకోవడం, ఒళ్లు కాస్త వెచ్చబడడం. ఇవి పళ్లు వచ్చేటప్పుడు కలిగే లక్షణాలు. ఒక్కొక్క పన్ను చిగురును చీల్చుకొని వచ్చే ముందు కొద్ది రోజులు, వచ్చిన తరువాత ఒకటి రెండు రోజులు ఇవి ఉంటాయి.

100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, ఆపైన జ్వరం పళ్ల వల్ల వచ్చేది కాదు. నీళ్ల విరేచనాలు, మాటిమాటికి వాంతులు, ఒంటిపై దద్దుర్లు, ఆయాసం, పాలు పూర్తిగా మానడం పళ్ల లక్షణాలు కావు. మరి పళ్లు వచ్చే వయసులోనే ఇవి ఎందుకు కనిపిస్తాయని అడగవచ్చు. ఆరవ నెల నాటికి తల్లి గర్భం నుండి బిడ్డకు సంక్రమించిన రోగనిరోధక శక్తి క్షీణిస్తుంది. అదే సమయంలో బిడ్డ పాకడం మొదలుపెట్టి నేలమీది వస్తువులన్నీ నోట పెట్టుకుంటాడు. తల్లిపాలతో పాటు క్రొత్త ఆహారం, క్రొత్త నీరు లోపలికి వెళతాయి. రోగాలు ఈ మార్గాలలో వస్తాయి. పన్ను అదే సమయంలో మొలుస్తున్నందున నింద దానిపై పడుతుంది. వాగ్భటుడు ఆ రోగాల జాబితా ఇవ్వడంలోని భావాన్ని, ఈ వయసులో ఇవి అధికంగా వస్తాయి, జాగ్రత్త పడవలెనని గ్రహించాలి. పళ్ల వల్లనే గదా అని ఊరుకోవడానికి ఆ జాబితా అనుమతిపత్రం కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక వేసవిలో తొమ్మిది నెలల ఆడబిడ్డను నా వద్దకు తీసుకొని వచ్చారు. మూడు రోజులుగా విరేచనాలు. క్రింది చిగురులో రెండు తెల్లని మొనలు స్పష్టంగా కనిపిస్తున్నవి. "ఇవి పళ్ల విరేచనాలే, ఆపకూడదు, వేడి పోవాలి" అని ఇరుగుపొరుగువారు చెప్పినందున ఇంట్లోవారు నీళ్లు కూడా తగ్గించారు. వారు నన్ను కోరినది చిగుళ్లకు రాసే మందు. బిడ్డ కళ్లు లోపలికి పోయి ఉన్నవి. ఏడుస్తున్నా కన్నీరు లేదు. పొట్ట మీది చర్మాన్ని రెండు వ్రేళ్లతో పట్టి విడిస్తే మెల్లగా గాని సర్దుకోలేదు. ముందు రాత్రి నుండి మూత్రం లేదు. చిగుళ్ల సంగతి ప్రక్కన పెట్టి, ఓఆర్‌ఎస్ నీటిని చెంచాతో పట్టిస్తూ, అదే ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగానికి పంపించాను. అక్కడ సెలైన్ ఎక్కించారు. మూడవ నాటికి బిడ్డ కోలుకొని తల్లి పాలు త్రాగింది. ఇంకొక పూట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

కనుక విరేచనాలు మొదలైతే తల్లిపాలు ఆపకుండా, ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దానిపై వ్రాసినంత నీటిలో కలిపి చెంచాతో పట్టవలెను. విరేచనాల చికిత్సలో ఓఆర్‌ఎస్‌తో పాటు 10 నుండి 14 రోజులు జింకు ఇవ్వవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సంయుక్తంగా సూచించాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు లోపు బిడ్డకు 10 మిల్లీగ్రాములు. వైద్యుని సలహాతో దీనిని వాడవలెను.

శీతలం వేరు, హిమం వేరు

ఇక చల్లదనం సంగతి చూద్దాం. పన్ను పైకి వచ్చేటప్పుడు చిగురులో ఎరుపు, వాపు, మంట, నొప్పి కలుగుతాయి. మన పరిభాషలో ఎరుపు, మంట పిత్త రక్తాలకు, నొప్పి వాతానికి సంబంధించినవి. పిత్తానికి శీతగుణం ఉపశమనకరం. నేటి వైద్యం దీనినే మరొక భాషలో చెబుతుంది. చల్లదనం తగిలినచోట సన్నని రక్తనాళాలు ముడుచుకొని వాపు తగ్గుతుంది, నొప్పిని మోసే నాడుల వేగం మందగిస్తుంది. చల్లని వస్తువును కొరికినప్పుడు పడే ఒత్తిడి కూడా లోపలి నుండి నెట్టుకొచ్చే పన్ను ఒత్తిడికి ఎదురుగా పనిచేసి హాయినిస్తుంది. ఈ ఉపశమనం కొద్దిసేపే ఉంటుంది. బిడ్డ ఆ కొద్దిసేపట్లో నాలుగు గుటకలు పాలు త్రాగి నిద్రపోతే ప్రయోజనం నెరవేరినట్లే.

అయితే బాల్యం కఫప్రధానమైన వయసు. బిడ్డ జఠరాగ్ని మృదువైనది. కడుపునిండా చల్లని పదార్థం పడితే ఆకలి చెడుతుంది. నాయనమ్మగారి అభ్యంతరానికి మూలం ఇదే. చల్లదనం చిగురుకు కావలెను గాని కడుపుకు కాదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే మోతాదు దానంతట అదే తెలుస్తుంది. జలుబు విషక్రిముల వల్ల వచ్చేదే గాని రెండు చెంచాల చల్లని గుజ్జు వల్ల పుట్టేది కాదని కూడా పెద్దలకు నెమ్మదిగా చెప్పవలెను.

హిమం అనే మాట విని కొందరు పొరపాటు పడతారు. స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అనే పంచవిధ కషాయాలలో హిమమంటే మంచు కాదు. దంచిన ద్రవ్యాన్ని రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి ఉదయం వడగట్టినది. మా గురుకులంలో ఫ్రిజ్ లేదు. అరుగు మూలన ఇసుక పోసి, తడిపి, దానిపై మట్టికుండ ఉంచి, తడిగుడ్డ చుట్టేవారు. ఉగ్గుగిన్నెలను, వెండి చెంచాలను ఆ కుండ నీటిలో ముంచి చల్లబరచి బిడ్డ చిగురుకు ఆనించేవారు. మన పెద్దలెరిగిన శీతలం ఆపాటిది. నేటి ఫ్రిజ్ లోపలి భాగం సుమారు 4 డిగ్రీల సెల్సియస్, పైనున్న గడ్డకట్టే అర సుమారు మైనస్ 18 డిగ్రీలు. ఈ రెండవదానిని నేరుగా బిడ్డ నోటికి తగిలించరాదు. పొడిగా గడ్డకట్టిన మంచు తడి పెదవికి, నాలుకకు అతుక్కొని చర్మాన్ని లాగుతుంది. గట్టి గడ్డను కొరికితే చిగురు కమిలిపోతుంది.

మరొక విషయం. మంచుపుల్లను చాలాసేపు చప్పరించిన శిశువుల బుగ్గలలో, ఒకటి రెండు రోజుల తరువాత ఎర్రని గట్టి వాపు రావడాన్ని 1970లో అమెరికా వైద్యులు ఒక వైద్యపత్రికలో వర్ణించారు. శిశువు బుగ్గలోని క్రొవ్వు పెద్దల క్రొవ్వు కంటె త్వరగా చలికి గడ్డకట్టి వాచడమే దీనికి కారణం. కొన్ని వారాలలో అదే తగ్గిపోతుంది. తల్లి మాత్రం గవదబిళ్లలనో, పన్ను చీమనో భావించి కంగారుపడుతుంది. కనుక మంచును బుగ్గలో నిలువ ఉంచనీయరాదు.

ముందుగా పాటించవలసిన నియమాలు

1. ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఏ పండూ, నీరూ, జావా పనికిరావు. ఆ బిడ్డకు చల్లని గుడ్డ, చల్లని చెంచా, తల్లిపాలు మాత్రమే.

2. గడ్డకట్టిన పదార్థాన్ని బయటికి తీసి, పైభాగం చెమర్చి కరగడం మొదలైన తరువాతనే ఇవ్వవలెను. ముందు తల్లి తన పెదవికి ఆనించి చూచుకొనవలెను.

3. ఒక పర్యాయానికి రెండు మూడు చెంచాలు, అయిదు నిమిషాలు, రోజుకు రెండు మూడు పర్యాయాలు చాలును. పాలకు, అన్నానికి ఇది బదులు కాదు.

4. బిడ్డను కూర్చుండబెట్టి, ఎదుట ఉండి ఇవ్వవలెను. పడుకోబెట్టి గాని, ఉయ్యాలలో గాని, ప్రయాణంలో గాని ఇవ్వరాదు.

5. ఆయాసం, పిల్లికూతలతో కూడిన దగ్గు, వాంతులు ఉన్న రోజుల్లో వీటిని మానవలెను.

6. రెండేళ్ల లోపు బిడ్డకు చక్కెర, బెల్లం, ఉప్పు చేర్చరాదు. క్రొత్తగా వచ్చిన పన్ను తీపికి త్వరగా పుచ్చుతుంది.

7. నీటిని మరిగించి చల్లార్చి వాడవలెను. గిన్నెలను, అచ్చులను మరిగే నీటిలో కడుగవలెను. కరెంటు పోయి కరిగినదానిని మళ్లీ గడ్డకట్టించరాదు. వీధిలో అమ్మే పుల్ల ఐసులు, రంగు మంచు పసిబిడ్డకు వద్దు. ఆ నీరు ఎక్కడిదో మనకు తెలియదు.

8. ఏ క్రొత్త పండునైనా మొదట మామూలుగా తినిపించి, మూడు రోజులు చూచి, సరిపడిన తరువాతనే చల్లబరచి ఇవ్వవలెను.

తయారీ విధానాలు

శీతవస్త్రం (అన్ని వయసులకు): మెత్తని నూలుగుడ్డను మరిగించి ఆరబెట్టి, కాచి చల్లార్చిన నీటిలో గాని, పిండిన తల్లిపాలలో గాని తడిపి, పిండి, మూతగల గిన్నెలో పెట్టి ఫ్రిజ్ క్రింది అరలో 20 నిమిషాలు ఉంచవలెను. తరువాత మెలిపెట్టి ఒక కొసను తల్లి పట్టుకొని రెండవ కొసను బిడ్డ చేత నమలనీయవలెను. అన్నింటిలో ఇదే ఉత్తమమని నా అనుభవం. ఖర్చు లేదు, గొంతుకు అడ్డుపడే భయం లేదు. పాలలో తడిపిన గుడ్డను ఒక్కసారి వాడిన వెంటనే ఉతికి మరిగించవలెను. ఫ్రిజ్ లేనివారు క్రొత్త కుండలోని చల్లని నీటిని వాడవచ్చు.

చల్లని చెంచా: మొన, అంచు నునుపుగా ఉన్న వెండి లేక స్టీలు చెంచాను ఫ్రిజ్ క్రింది అరలో పావుగంట ఉంచి, దాని వీపు భాగంతో చిగురును మెల్లగా ఒత్తవలెను. గడ్డకట్టే అరలో పెట్టిన లోహాన్ని ఎన్నడూ నోట పెట్టరాదు.

తల్లిపాల మంచు: శుభ్రంగా చేతులు కడుగుకొని పిండిన తల్లిపాలను చిన్న అచ్చులలో ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చొప్పున పోసి, మూతపెట్టి గడ్డకట్టించవలెను. పిండిన పాలు ఫ్రిజ్ క్రింది అరలో 4 రోజులు, గడ్డకట్టే అరలో నెలల తరబడి నిలువ ఉంటాయి. కాని కరెంటు పోకలున్న మన ఇళ్లలో వారం లోపు వాడుకొనడం మేలు. కావలసినప్పుడు ఒక ముక్కను తీసి, పైన చెమర్చనిచ్చి, ఉగ్గుగిన్నెలో చెంచాతో గీరి ఆ నూగును చిగురుపై పెట్టవలెను. మందుల దుకాణాలలో దొరికే సన్నని వల ఫీడరులో వేసి కూడా ఇవ్వవచ్చు. ముక్కను వట్టిగా నోట వేయరాదు, అది జారి గొంతుకు అడ్డుపడుతుంది. వల ఫీడరును వాడిన వెంటనే విప్పి కడుగకపోతే సందులలో పాలు పులిసి క్రిములు పెరుగుతాయి. బిడ్డ నోటికి తగిలి మిగిలినదానిని పారవేయవలెను.

పండు తురుము (ఆరు నెలలు నిండిన బిడ్డకు): కాశ్యపుడు ఆరవ నెలలో ఫలప్రాశనాన్ని, అన్నప్రాశనాన్ని ఆ తరువాత విధించాడు. కనుక పండుతో మొదలుపెట్టడం శాస్త్రసమ్మతమే. బాగా మాగిన చక్కెరకేళి గాని, అమృతపాణి గాని మెత్తగా చిదిపి, జల్లెడలో వడియగట్టి, స్టీలు పళ్లెంలో పలుచగా పరచి గడ్డకట్టించవలెను. కొంచెం మెత్తబడిన తరువాత చెంచాతో గీరితే మంచు నూగువంటి తురుము వస్తుంది. అరటిపండును పెరుగుతో, మజ్జిగతో కలపడం విరుద్ధాహారమని అష్టాంగహృదయం చెప్పినందున వాటిని కలుపక వట్టి పండునే వాడవలెను. సపోటా మన ప్రాచీన గ్రంథాలలో లేని అమెరికా ఖండపు పండు. గింజలు, తోలు తీసి ఇదే విధంగా చేయవచ్చు.

మామిడి తురుము (ఎనిమిది నెలలు నిండిన బిడ్డకు): పులుపు లేని తియ్యని పండు రసాన్ని పీచు లేకుండా వడగట్టి, సమానంగా తల్లిపాలు కలిపి పైవిధంగా పళ్లెంలో గడ్డకట్టించవలెను. పుల్లని మామిడి పాలతో పనికిరాదు.

పెరుగు ముద్ద (ఎనిమిది నెలలు నిండిన బిడ్డకు): ఆ ఉదయం తోడుకున్న తియ్యని పెరుగును పలుచని గుడ్డలో కట్టి, గిన్నెపై వ్రేలాడదీసి, ఫ్రిజ్ క్రింది అరలో గంటసేపు ఉంచితే నీరు జారి మెత్తని ముద్ద మిగులుతుంది. దానిని గడ్డకట్టించకుండా చల్లగానే రెండు చెంచాలు పగటిపూట ఇవ్వవలెను. రాత్రి పెరుగు వద్దు.

ముంజ గుజ్జు (తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు, వేసవిలో): లేత తాటిముంజను తీసుకొని పైనున్న వగరు పొరను పూర్తిగా ఒలిచి, లోపలి నీటితో సహా మెత్తగా నలిపి చల్లబరచవలెను. ముంజ సహజంగానే శీతవీర్యం కనుక దీనికి గడ్డకట్టే అర అవసరం లేదు. ముక్కలుగా ఇస్తే జారి గొంతులోకి పోతుంది, తప్పక నలుపవలెను. ముదురు ముంజ అరగదు.

రాగి జావ (ఎనిమిది నెలలు నిండిన బిడ్డకు): మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన రాగిపిండిని చెంచాడు తీసుకొని, నీటిలో ఉండలు లేకుండా కలిపి బాగా ఉడికించి, వడగట్టి, చల్లార్చి ఫ్రిజ్ క్రింది అరలో అరగంట ఉంచవలెను. నొప్పి వల్ల వేడి జావను త్రోసివేసే బిడ్డ ఈ చల్లని జావను తరచు స్వీకరిస్తుంది. ఇది ఉపశమనమూ ఆహారమూ కూడా.

పుల్ల మంచు (ఏడాది దాటిన బిడ్డకు): లేత కొబ్బరినీటిని గాని, వడగట్టిన దానిమ్మరసంలో సమానంగా కాచి చల్లార్చిన నీరు కలిపి గాని, వెడల్పైన పిడిగల అచ్చులో పోసి గడ్డకట్టించవచ్చు. సన్నని పుల్ల గొంతులో గుచ్చుకొనే ప్రమాదమున్నది కనుక అటువంటిది వాడరాదు. పండ్లరసం ఏడాది లోపు బిడ్డకు వద్దు.

పచ్చి క్యారెట్టు, ఆపిలు ముక్క, ద్రాక్ష, పచ్చి కొబ్బరి ముక్క, సబ్జా గింజలు పళ్లు వచ్చే బిడ్డకు ఇవ్వరాదు. ముందరి పళ్లతో కొరకగలడే గాని దవడపళ్లు లేక నమలలేడు. విరిగిన ముక్క గొంతుకు అడ్డుపడుతుంది. అతిమధురం వేరును చేతికిచ్చే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది. దాని పీచు కూడా ఇంతే ప్రమాదం.

తేనె, చూర్ణాలు, జెల్లుల విషయం

చిగుళ్లపై పిప్పలి చూర్ణాన్ని గాని, ధాతకీ పుష్పం, ఉసిరిక చూర్ణాన్ని గాని తేనెతో కలిపి రుద్దమని వాగ్భటుడు చెప్పాడు. అది చదివిన వైద్యుడనే అయినా, ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దని స్పష్టంగా చెబుతున్నాను. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పసిబిడ్డ ప్రేగులలో మొలకెత్తి విషాన్ని పుట్టించి, కండరాలను చచ్చుబరుస్తాయని, బిడ్డ పాలు పీల్చలేక, ఏడవలేక, చివరికి శ్వాస తీసుకోలేక పోతుందని 1976లో తొలిసారిగా గుర్తించారు. తేనె వేడిచేసినా ఆ బీజాలు చావవు. ఏడాది దాటిన బిడ్డ ప్రేగులు వాటిని ఎదుర్కొనగలవు. శాస్త్రం ఆప్తవాక్యంతో పాటు ప్రత్యక్షాన్ని కూడా ప్రమాణంగా స్వీకరించింది. బిడ్డ ప్రాణానికి హాని ప్రత్యక్షమైనప్పుడు శ్లోకాన్ని పట్టుకొని వ్రేలాడడం శాస్త్రభక్తి అనిపించుకోదు.

మొద్దుబారించే జెల్లులు కూడా వద్దు. బెంజోకైన్ కలిగిన జెల్లు రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని చెడగొట్టగలదని, రెండేళ్ల లోపు పిల్లల పళ్ల నొప్పికి దానిని వాడరాదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. అదే ఏడాది పళ్ల కోసం మెడలో వేసే పూసల దండల వల్ల గొంతు బిగుసుకొనే ప్రమాదమున్నదని కూడా తెలియజేసింది. పేరులేని పొట్లాలలో వచ్చే పళ్ల చూర్ణాలను అసలే ముట్టరాదు. ఇటువంటి కొన్ని చూర్ణాలలో సీసం బయటపడింది. ఇది పాశ్చాత్య దేశాలకూ తెలిసిన దుఃఖమే. పాదరసం కలిసిన పళ్ల పొడుల వల్ల అక్కడి బిడ్డలకు చేతులు కాళ్లు ఎర్రబారి, ఎడతెగని బాధ కలిగే వ్యాధి వచ్చేది. 1950లలో ఆ పొడులను మానిపించిన తరువాత ఆ వ్యాధి దాదాపు మాయమైంది. సానరాయిపై వసకొమ్మును అరగదీసి నాలుకకు రాయడం కూడా వైద్యుని ప్రమేయం లేకుండా చేయవద్దు.

మందు లేకుండా చేయదగిన పని మరొకటున్నది. చేతులు శుభ్రంగా కడుగుకొని, గోరు తీసిన చూపుడు వ్రేలితో చిగురును ఒకటి రెండు నిమిషాలు మెల్లగా ఒత్తితే బిడ్డకు హాయిగా ఉంటుంది. చొంగ వల్ల గడ్డం, మెడ ఒరిసిపోకుండా మెత్తని గుడ్డతో అద్ది, కొంచెం కొబ్బరినూనె రాయవలెను. తొలి పన్ను కనిపించిన నాటి నుండి ప్రతి రాత్రీ తడిగుడ్డతో దానిని తుడువవలెను.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా చల్లని పదార్థాలను ప్రక్కన పెట్టి, పళ్ల మాట మరచి, ఆ రోజే పిల్లల వైద్యునికి చూపవలెను:

100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం. రోజులో మూడు, అంతకు మించి నీళ్ల విరేచనాలు, లేక విరేచనంలో రక్తం. ఆగని వాంతులు. ఆరు గంటలకు పైగా మూత్రం లేకపోవడం. లోతుకు పోయిన కళ్లు, కన్నీరు లేని ఏడుపు. ఆయాసం, ప్రక్కటెముకలు లోపలికి లాగడం. పాలు పట్టకపోవడం. ఎంత ఎత్తుకున్నా ఆగని ఏడుపు, లేక ఏడవలేనంత నీరసం, మత్తు. చెవి నుండి చీము. మూర్ఛ వస్తే ఒక్క క్షణమైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

కోడళ్లకు, అత్తగార్లకు నా మనవి ఒక్కటే. ఇంట్లో జ్వరమాపకం, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు ఎల్లప్పుడూ ఉంచుకొనండి. బిడ్డ ఒళ్లు వెచ్చబడినప్పుడు చేతితో తాకి "పళ్ల వేడి" అని నిర్ణయించక, జ్వరమాపకం పెట్టి అంకెను చూడండి. అంకె 100.4 కంటె తక్కువగా ఉండి, బిడ్డ పాలు త్రాగుతూ, ఆడుకుంటూ, మూత్రం సక్రమంగా పోస్తూ ఉంటే, చల్లని గుడ్డను మెలిపెట్టి నిశ్చింతగా చేతికివ్వండి.